గాలి మిషన్ కొనే ముందు డబ్బా మీద ఏం చదవాలి?

కొత్త కారు కొన్నాక మనం చేసే మొదటి పని గుడి ముందుకి తీసుకెళ్లి పూజ చేయించడం. మా పద్మారావు నగర్‌లో అయితే చాలామందికి స్కందగిరి గుడే. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెడతాం, బండిని మెల్లగా ముందుకి కదిలిస్తాం, కొబ్బరికాయ కొడతాం. టైర్ల దగ్గర మనం వంగి కూర్చోవడం అదే మొదలు. చాలామందికి అదే చివర కూడా. ఆ తర్వాత టైరు మొహం చూసేది పంక్చర్ పడ్డ రోజే.

ఈమధ్య మాత్రం కొంచెం మార్పు వచ్చింది. కారులో పెట్టుకునే చిన్న గాలి మిషన్లు, అదే టైర్ ఇన్‌ఫ్లేటర్లు, అందరి ఫోన్లలోనూ కనిపిస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ వాడంటే కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ తెలిసినవాడని మా అపార్ట్‌మెంట్ వాళ్ల నమ్మకం. ప్రింటర్ అయినా నన్నే అడుగుతారు, గీజర్ అయినా నన్నే అడుగుతారు. ఇప్పుడు ఈ మిషన్ల వంతు వచ్చింది. మూడో అంతస్తు అంకుల్ కుటుంబంతో తిరుపతి వెళ్లే ముందు లిఫ్ట్ దగ్గర ఆపి ఫోన్ చూపించారు. "బాబూ, ఇది 150 పీఎస్‌ఐ అంట, అది 160 అంట. ధర ఒకటే. 160ది తీసుకోనా?"

నిజం చెప్పాలంటే ఆ రెండు నంబర్లూ ఆయనకి అక్కర్లేదు. ఆయన కారు టైరుకి కావల్సింది 33. అక్కడ చూడాల్సిన నంబరు వేరే ఉంది, అది డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. అయితే దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పెట్రోల్ బంకులో గాలి ఉచితం. వీధి చివర పంక్చర్ షాపులో పది ఇరవై రూపాయలు. అలాంటప్పుడు రెండు మూడు వేలు పెట్టి మిషన్ కొనడం దేనికి?

బంకులో దొరకనిది

మీ కారు డ్రైవర్ వైపు తలుపు తెరిచి, లోపలి అంచు మీద అంటించిన స్టిక్కర్ చూడండి. ముందు టైర్లకి ఎంత, వెనక టైర్లకి ఎంత, ఇద్దరే వెళ్తే ఎంత, నిండా జనం, సామాను ఉంటే ఎంత అని ఉంటుంది. చిన్న కార్లకి సాధారణంగా 30 నుంచి 36 లోపు ఉంటుంది. ఆ నంబర్లన్నీ టైరు చల్లగా ఉన్నప్పటివి. చల్లగా అంటే బండి కనీసం మూడు గంటలు కదలకుండా నిలబడి ఉండాలి, లేదా ఒకటిన్నర కిలోమీటరు లోపే మెల్లగా నడిచి ఉండాలి.

ఇక్కడే చిక్కు. మా వీధిలోంచి బయటపడి చిలకలగూడ చౌరస్తా వైపు వెళ్లినా, ముషీరాబాద్ వైపు వెళ్లినా, ట్రాఫిక్‌లో బ్రేకులు తొక్కుతూ బంకు చేరేసరికి టైరు వేడెక్కుతుంది. లోపలి గాలి కూడా వేడెక్కి ప్రెషర్ పెరుగుతుంది. పొద్దున 28 ఉన్న టైరు అక్కడ 31 చూపిస్తుంది. బంకు అబ్బాయి 33 చేసి, "అయిపోయింది సార్" అంటాడు. అతని తప్పేం లేదు, మీరు 33 అన్నారు, అతను 33 పెట్టాడు. కానీ మర్నాడు పొద్దున చల్లబడ్డాక ఆ టైరులో ఉండేది 30. మూడు పాయింట్లు లోటు, మనకి తెలియకుండానే.

సరైన కొలత దొరికే చోటు ఒక్కటే, మన పార్కింగ్. సరైన సమయం కూడా ఒక్కటే, పొద్దున బండి తీయకముందు. అందుకే మిషన్ ఇంట్లో ఉండాలి. దారిలో పంక్చర్ పడితే పనికొస్తుంది కదా అని చాలామంది కొంటారు. పనికొస్తుంది కూడా. కానీ అసలు లాభం మాత్రం ప్రతి పదిహేను రోజులకోసారి, పళ్లు తోముకునే టైములో, పార్కింగ్‌లో నిలబడి చూసుకునే ఆ రీడింగే.

"ఎండలకి గాలి ఉబ్బుతది"

మా నాన్న రిటైరయ్యాక నెలకోసారి అమ్మని తీసుకుని హుజూర్‌నగర్ దగ్గర మా ఊరికి వెళ్తారు. విజయవాడ హైవే మీద సూర్యాపేట దాకా, అక్కడి నుంచి లోపలికి. డ్రైవింగ్‌లో ఆయన చాలా జాగ్రత్త. కానీ ఏప్రిల్ వస్తే చాలు, ఒక పాత నమ్మకం బయటికి తీస్తారు. "ఎండలకి గాలి ఉబ్బుతది రా. టైరు పేలుతది. ఐదు పాయింట్లు తగ్గించి కొట్టియ్యి."

ఇది మా నాన్న ఒక్కరి మాట కాదు. మా పార్కింగ్‌లో సగం మంది మాట. వినడానికి తర్కం కూడా ఉన్నట్టే ఉంటుంది. కాలినప్పుడు పూరీ పొంగినట్టు టైరు పొంగి పేలుతుందని. అందుకే వాదించకుండా కొలిచి చూద్దామన్నాను.

పోయిన మే నెలలో ఆదివారం పొద్దున ఐదున్నరకి పార్కింగ్‌లో నాలుగు టైర్లూ 33కి పెట్టాం. స్టిక్కర్ చెప్పింది అదే. సూర్యాపేట దగ్గర టీకి ఆగినప్పుడు మళ్లీ చూస్తే 38. నాన్న మొహం వెలిగిపోయింది. "చూసినవా, నేను చెప్పలే! ఐదు తీసెయ్యి." తీయలేదు. "నాన్నా, రేపు పొద్దున చూద్దాం, అప్పుడు ఎక్కువుంటే మీరే తీయండి" అన్నాను. మర్నాడు పొద్దున ఊళ్లో వేపచెట్టు కింద చూస్తే మళ్లీ 33. ఆ ఐదు పాయింట్లు ఎక్కడి నుంచో వచ్చిన కొత్త గాలి కాదు, ఉన్న గాలికే పట్టిన వేడి. టీ కొట్టు దగ్గర తీసేసి ఉంటే మర్నాడు ఉండేది 28.

లెక్క పెద్ద కష్టం కాదు. కారు టైరులో గాలి ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే ప్రెషర్ సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. హైవే మీద టైరు పాతిక ముప్పై డిగ్రీలు వేడెక్కడం మామూలే, కాబట్టి ఐదు పాయింట్ల పెరుగుదల కూడా మామూలే. టైరు తయారు చేసినవాళ్లు, కారు తయారు చేసినవాళ్లు ఇది లెక్కలో వేసుకునే ఆ 33 రాశారు.

మరి ఎండాకాలం టైర్లు పేలుతున్న మాట అబద్ధమా? కాదు. పేలుతున్నాయి. కానీ చాలాసార్లు కారణం మనం అనుకునేదానికి తలకిందులు. గాలి తక్కువైతే టైరు పక్కలు రోడ్డు తగిలిన ప్రతిసారీ ఎక్కువ వంగుతాయి. వంద కిలోమీటర్ల వేగంలో చిన్న కారు టైరు సెకనుకి దాదాపు 15 సార్లు తిరుగుతుంది, అంటే ప్రతి భాగమూ సెకనుకి 15 సార్లు వంగి లేస్తుంది. సెంట్రింగ్ పనుల్లో వాడే బైండింగ్ వైరుని చేత్తో అటూ ఇటూ గబగబా వంచి చూడండి, వంగిన చోట వేడెక్కుతుంది, కాసేపటికి తెగుతుంది. టైరు లోపలి దారాలకీ రబ్బరుకీ జరిగేది అదే. పై నుంచి మే ఎండ, నిండా జనం, డిక్కీలో బియ్యం బస్తా, గంటకి 100 వేగం. గాలి తగ్గించి టైరుని కాపాడాం అనుకుంటాం. నిజానికి దానిమీద భారం పెంచుతాం.

దీనికి లోకమంతా తెలిసిన సాక్ష్యం ఒకటుంది. 2000 సంవత్సరంలో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. వాటిలో చాలా భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకి వేసినవి. వేగంగా వెళ్తున్నప్పుడు టైరు పైపొర ఊడిపోయి బండ్లు పల్టీ కొట్టాయి. ఆ ప్రమాదాల్లో 250 మందికి పైగా చనిపోయారు. టైరులోనే లోపం ఉందని అక్కడి ప్రభుత్వ సంస్థ తేల్చింది. కానీ ఆ గొడవలో బాగా నలిగిన ఇంకో నంబరు 26. ఫోర్డ్ ఆ బండికి పెట్టమన్న గాలి అంత. ఫైర్‌స్టోన్ 30 ఉండాలంది. లోపం ఉన్న టైరు, తక్కువ గాలి, బరువు, వేగం కలిసిన చోట, అదీ ఎండలు మండే టెక్సాస్, ఫ్లోరిడా, అరిజోనా లాంటి రాష్ట్రాల్లో ప్రమాదాలు ఎక్కువ కనిపించాయి. చలి రాష్ట్రాల్లో తక్కువ. అదే ఏడాది అక్కడ చట్టం వచ్చింది, 2008 మోడల్ నుంచి కార్లన్నిటికీ టైరులో గాలి తగ్గితే హెచ్చరించే లైటు తప్పనిసరి అయింది.

ఆ లైటు మన కొత్త కార్లలోనూ వస్తోంది. "నా కారులో లైటు ఉంది, మిషన్ ఎందుకు" అనేవాళ్లకి ఒక్క మాట. అమెరికా నిబంధన ప్రకారం గాలి పాతిక శాతం తగ్గాకే లైటు వెలగడం తప్పనిసరి. 33 ఉండాల్సిన చోట 25కి వచ్చాక అన్నమాట. అది ప్రమాదం దగ్గరపడ్డాక మోగే గంట. రోజువారీ కొలతకి అది బదులు కాదు.

డబ్బా మీద 150 ఎందుకు ఉంటుంది?

ఇప్పుడు అంకుల్ ప్రశ్నకి వద్దాం. 150 పీఎస్‌ఐ అంటే ఆ మిషన్ గరిష్ఠంగా ఎంత ఒత్తిడి వరకు నెట్టగలదో ఆ హద్దు. బండి మీటర్‌లో ఎంత దాకా గీతలున్నా, అంతమాత్రాన బండి ఆ వేగంలో పోదు కదా. లారీ టైరుకే 100 పైచిలుకు పీఎస్‌ఐ. మన కారుకి 36 మించి అక్కర్లేదు. కాబట్టి ఈ నంబరు మీద డబ్బు పెట్టొద్దు.

చూడాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుంది అని. డబ్బా మీద ఎల్‌పీఎం అని ఉంటుంది. బిందె నింపేటప్పుడు కొళాయి ధార ఎంత లావు అన్నట్టే ఇది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. కంపెనీలు రాసే నంబరు ఎదురుగా ఏ ఒత్తిడీ లేనప్పుడు వచ్చే ధార. టైరు నిండుతున్నకొద్దీ లోపలి గాలి ఎదురు తిరుగుతుంది, ధార సన్నబడుతుంది. 35 లీటర్లు అని రాసినది కారు టైరు దగ్గర పదిహేనో ఇరవయ్యో ఇస్తే మంచిదే అనుకోండి.

మన అవసరం ఎంతో చూద్దాం. చిన్న కారు టైరు లోపల చోటు సుమారు 30 లీటర్లు. 28 నుంచి 33కి పెంచడానికి బయటి గాలి పది లీటర్లు చాలు. నాలుగు టైర్లకీ కలిపి నలభై. నిజంగా 15 లీటర్లు ఇచ్చే మిషన్‌కి అది మూడు నిమిషాల పని. పూర్తిగా గాలి పోయిన టైరుని 33కి తేవాలంటే 67 లీటర్లు, అంటే నాలుగున్నర నిమిషాలు. ఏడు సీట్ల పెద్ద బండికి టైరు చోటు 40 లీటర్ల పైనే కాబట్టి ఆరు నిమిషాలు దాటుతుంది. ఇవేవీ పెద్ద పనులు కావు. అంకుల్ కారుకి మార్కెట్లో రెండు, మూడు వేల రూపాయలకి దొరికే మంచి మిషన్ సరిపోతుంది.

రెండో నంబరు ఇంకా ముఖ్యం, అది డబ్బా మీద కాక లోపలి కాగితంలో ఉంటుంది. మిషన్ ఆపకుండా ఎన్ని నిమిషాలు నడవొచ్చు, ఆ తర్వాత ఎంతసేపు చల్లబరచాలి అని. చిన్నవాటికి పది, పదిహేను నిమిషాలు నడిపి అంతేసేపు ఆపమని ఉంటుంది. లోపల చిన్న పిస్టన్, చిన్న మోటారు. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. సైకిల్ పంపు కింది భాగం చెయ్యి పెడితే చుర్రుమనేది గుర్తుందా, అదే. సిలిండరు లోహంతో చేసినదైతే వేడి బయటికి పోతుంది. అంతా ప్లాస్టిక్ అయితే మిషన్ త్వరగా అలసిపోతుంది. చేతిలో పట్టుకుంటే బరువు తెలుస్తుంది, కాబట్టి వీలైతే రాణిగంజ్ వైపు షాపుల్లో ఒకసారి చేత్తో పట్టుకుని చూసి కొనండి.

కరెంటు ఎక్కడి నుంచి?

మూడు రకాలున్నాయి. కారులో సిగరెట్ లైటర్ సాకెట్‌కి గుచ్చేవి, సొంత బ్యాటరీ ఉండేవి, కారు బ్యాటరీకే నేరుగా క్లిప్పులు పెట్టేవి.

సాకెట్‌కి గుచ్చేవి చవక, నమ్మకం. కానీ ఆ సాకెట్‌కి ఫ్యూజ్ సాధారణంగా 10 లేదా 15 ఆంపియర్లు ఉంటుంది. 12 వోల్టుల మీద 10 ఆంపియర్లంటే 120 వాట్లు. మిషన్ అంతకంటే ఎక్కువ లాగేదైతే ఫ్యూజ్ పోతుంది. అందుకే మిషన్ వాట్లు, మీ కారు పుస్తకంలో సాకెట్ హద్దు, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వైరు పొడవు కూడా చూడండి. సాకెట్ ముందుంటుంది, టైర్లలో రెండు వెనక ఉంటాయి. మూడు మీటర్ల వైరు లేకపోతే కారుని తాడుతో కట్టేసినట్టు ఉంటుంది మీ పరిస్థితి.

ఇంజన్ ఆన్ చేసి వాడాలా అని అడుగుతారు. పది నిమిషాల పనికి మిషన్ లాగేది రెండు ఆంపియర్ అవర్ల లోపే. చిన్న కారు బ్యాటరీ 35 దాకా ఉంటుంది. బ్యాటరీ బాగుంటే ఇంజన్ లేకుండానే పని అయిపోతుంది. ఎక్కువసేపు వాడాల్సి వస్తే ఇంజన్ ఆన్ చేయండి, కానీ మూసి ఉన్న సెల్లార్‌లో మాత్రం వద్దు. ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది. బండి బయటికి తీసి చేసుకోండి.

సొంత బ్యాటరీ ఉన్నవి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, వాటర్ బాటిల్ అంత. వైరు గొడవ లేదు. మోటార్ సైకిల్‌కి, పిల్లల సైకిల్‌కి, కారులో నాలుగైదు పాయింట్లు పెంచడానికి బ్రహ్మాండం. కానీ మన ఊళ్లో వీటికి శత్రువు ఎండ. బయట 42 డిగ్రీలుంటే మూసిన కారు లోపల 60 దాటొచ్చు. లిథియం బ్యాటరీకి ఆ వేడి పడదు, జీవితం తగ్గుతుంది, ప్రమాదం కూడా. కారులోనే ఎప్పుడూ పడి ఉండాల్సిన వస్తువు కావాలంటే సాకెట్ మిషన్ కొనండి. బ్యాటరీది ఇంట్లో పెట్టుకుని ప్రయాణం రోజున వెంట తీసుకెళ్లండి. ఇంకో సంగతి, నాలుగు నెలలు ముట్టుకోకపోతే అవసరమైన రోజున చార్జింగ్ ఉండదు.

పెద్ద బండ్లకి, ట్రెయిలర్లకి

క్లిప్పుల రకం ఎవరికి కావాలో ఇక్కడ చెప్పాలి. ఊళ్లో సరుకు పికప్ ఉన్నవాళ్లకి, టెంపో ట్రావెలర్ నడిపేవాళ్లకి వెనక టైర్లలో 50 పైన గాలి ఉంటుంది. వీటికి చిన్న మిషన్ పెడితే చివరి పది పాయింట్ల దగ్గర అది ఆయాసపడుతుంది. అమెరికాలో ఉండి ఆన్‌లైన్‌లో ఈ కాలమ్ చదివేవాళ్లకి ఇంకా పెద్ద లెక్క. అక్కడ వేసవి సెలవుల్లో మనవాళ్లు ఆర్‌వీ అద్దెకి తీసుకుని, వంటగిన్నెలతో సహా ఎల్లోస్టోన్ బయల్దేరడం ఇప్పుడు కొత్తేం కాదు. ఆ బండి టైరులో చోటు సుమారు 60 లీటర్లు, కావల్సిన గాలి 65 నుంచి 80 పీఎస్‌ఐ. 65 ఉన్న టైరుని 80కి తేవాలంటే ఒక్కోదానికి 60 లీటర్ల పైనే. ఆరు టైర్లకి 360 దాటుతుంది. కారు మిషన్ ఆ ఒత్తిడి దగ్గర నిమిషానికి ఏడెనిమిది లీటర్లు ఇస్తే గొప్ప. ముప్పావు గంట నడక, మధ్యలో చల్లబరిచే విరామాలు, మొత్తం గంటన్నర. అంతసేపు నడిస్తే మిషన్ మిగలదు.

వాళ్లకి కావల్సింది బ్యాటరీకి క్లిప్పులు పెట్టి 30 ఆంపియర్ల దాకా తీసుకునే పెద్ద కంప్రెసర్. కొనేటప్పుడు 80 పీఎస్‌ఐ దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్లు అని రాసినదే కొనండి. సున్నా దగ్గర ఎంత అని మాత్రమే రాస్తే, మీకు కావల్సిన నంబరు దాచారని అర్థం. గొట్టం వెనక టైర్ల దాకా చేరాలి. జంట టైర్లలో లోపలిదాని వాల్వ్ అందే వంపు మూతి ఉండాలి. బండి వెనక లాగే ట్రెయిలర్ ఉంటే దానికి వేరే స్టిక్కర్ ఉంటుంది, కారు నంబరు దానికి వాడొద్దు. ట్రెయిలర్‌లో కూర్చునే మనిషి ఉండడు కాబట్టి దాని టైరు మెత్తబడిన సంగతి ఎవరికీ తెలియదు. మన ట్రాక్టర్ ట్రాలీలకీ అదే వర్తిస్తుంది. డ్రైవర్ ముందుకే చూస్తాడు, ట్రాలీ టైరు వెనక నలుగుతూ ఉంటుంది. లారీ, ట్రాక్టర్ పెద్ద టైర్లు ఖాళీ అయితే మాత్రం ఇంట్లో ప్రయత్నించొద్దు, రిమ్ము రింగు ఎగిరి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అది షాపువాళ్ల పని.

కొన్నాక

మిషన్ మీద ఉన్న మీటర్‌ని గుడ్డిగా నమ్మొద్దు. విడిగా ఒక చిన్న ప్రెషర్ గేజ్ కొనండి, ఎక్కువ ఖర్చు కాదు. రెండూ ఒక పాయింటు తేడాలో ఉంటే సంతోషం. రెండు మూడు తేడా వస్తే, మిషన్ ఎంత చూపిస్తే నిజంగా ఎంతో ఒక కాగితం మీద రాసి దాని మీదే అంటించండి. కావల్సిన నంబరు పెడితే దానంతటదే ఆగిపోయే సదుపాయం తప్పక ఉండాలి. వాల్వ్‌కి మర తిప్పి బిగించే మూతి గట్టిగా ఉంటుంది కానీ విప్పేటప్పుడు కొంచెం గాలి పోతుంది, నొక్కి పెట్టేది త్వరగా వస్తుంది కానీ వదులవుతుంది. ఏదైనా ఫర్వాలేదు, చివర్లో గేజ్‌తో ఒకసారి చూసుకుంటే చాలు.

టైరు పక్క గోడ మీద 44 అనో 51 అనో ఉంటే అది పెట్టాల్సిన గాలి కాదు, ఆ టైరు తట్టుకునే హద్దు. మనం పాటించాల్సింది తలుపు మీది స్టిక్కరే. నైట్రోజన్ పెట్టించాం, మామూలు గాలి కలపొచ్చా అంటే నిక్షేపంగా కలపొచ్చు. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. వేడికి రెండూ ఒకేలా పెరుగుతాయి.

పంక్చర్ పడ్డ టైరు మీద, గమనించకుండా కొంత దూరం వెళ్లిపోయి ఉంటే, గాలి కొట్టి మళ్లీ హైవే ఎక్కొద్దు. పక్క గోడ లోపల నలిగిపోయి ఉంటుంది, పైకి కనిపించదు. స్టెప్నీ వేసుకోండి. స్టెప్నీ అంటే గుర్తొచ్చింది, 2020లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి హెచ్చరిక వ్యవస్థ, రిపేర్ కిట్ ఉన్న కార్లకి స్టెప్నీ తప్పనిసరి కాదు. కొన్ని కొత్త కార్లు, ముఖ్యంగా కొన్ని ఎలక్ట్రిక్ కార్లు స్టెప్నీ లేకుండానే వస్తున్నాయి. మీది అలాంటిదైతే ఈ మిషన్ ఇక సరదా వస్తువు కాదు, బండిలో భాగం. స్టెప్నీ ఉన్నవాళ్లు దాంట్లో గాలి చివరిసారి ఎప్పుడు చూశారో గుర్తు చేసుకోండి. డిక్కీ కింద మూడేళ్లుగా పడుకున్న టైరు అవసరానికి లేవాలంటే దానికీ నెలకోసారి గాలి కావాలి.

ఆఖరుగా ఒక అలవాటు. రీడింగులు రాసి పెట్టుకోండి. ఆఫీసులో సర్వర్లకి మేం చేసేది అదే. ఒక రోజు నంబరు చూస్తే ఏమీ తెలియదు, పది రోజులవి పక్కపక్కన పెడితే జబ్బు తెలుస్తుంది. నాన్న ఇప్పుడు పాత క్యాలెండర్ వెనక నాలుగు గళ్లు గీసి రాస్తున్నారు. మూడు టైర్లు నెలకి ఒకటో రెండో తగ్గుతాయి, అది సహజం. వెనక ఎడమ టైరు మాత్రం వారానికి రెండు తగ్గుతోందని ఆయనే పట్టుకున్నారు. పంక్చర్ షాపులో నీళ్ల తొట్టిలో ముంచితే సన్నటి బుడగలు. చెప్పులకి కొట్టే మేకు అంత చిన్న ఇనుప ముక్క, ఎప్పుడు గుచ్చుకుందో తెలియదు. ప్లగ్ వేయించి వంద రూపాయలతో బయటపడ్డాం. అది జరిగింది బుధవారం. ఆదివారం వాళ్లిద్దరూ ఊరికి బయల్దేరారు, నాలుగు టైర్లలోనూ 33.